పంపుదాం, రప్పిద్దాం

ఆ ప్రెస్సులో మూడు గదులు, ముగ్గురు మనుషులు, రెండు పార్టీలు. ముందు గదిలో ట్రెడిల్ మిషన్ తొక్కేది ప్రూఫమ్మ మొగుడు. వెనక గదిలో సీసపు అక్షరాలు ఏరి వరసలు పేర్చేది ఆవిడ తమ్ముడు. నడిమి గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని ఇద్దరి తప్పులూ దిద్దేది ఆవిడ. అందుకే ఊరు ఆవిడకి ప్రూఫమ్మ అని పేరు పెట్టింది. ప్రెస్సు వాళ్ళ నాన్నది. ఆయన పోతూ పోతూ అల్లుడికి మిషన్నీ, కొడుక్కి అక్షరాల్నీ, కూతురికి ఆ ఇద్దర్నీ అప్పగించి పోయాడు. అన్నిట్లోకీ బరువైన వాటా కూతురికే దక్కిందని తెలిసినవాళ్ళు అనుకునేవారు.

బావాబావమరుదులు మామూలు రోజుల్లోనే ఎడ్డెమంటే తెడ్డెం. యుద్ధం వచ్చాక ఇక చెప్పక్కర్లేదు. ఆ యుద్ధం సరిహద్దు అవతల కొండల్లో రెండేళ్ళుగా నడుస్తోంది. గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు. ఇంకో ఇరవై వేలమందిని పంపితే ఏడాదిలో తేలిపోతుందని ఒక పార్టీ. ఎంతమందిని పంపినా ఆ కొండలు మింగేస్తాయి, ఉన్నవాళ్ళని వెనక్కి పిలవండని ఇంకో పార్టీ. వాటి అసలు పేర్లు ప్రూఫమ్మ ఎప్పుడో పక్కన పెట్టేసింది. ఆవిడకి ఒకటి పంపుదాం పార్టీ, రెండోది రప్పిద్దాం పార్టీ. మొగుడు పంపుదాం. తమ్ముడు రప్పిద్దాం.

పొద్దున టీ గ్లాసు చేతిలోకి రాగానే మొదలయ్యేది. చీమలన్నీ ఒక్కటైతే పామైనా చస్తుందని మొగుడు అనేవాడు. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదని తమ్ముడు అందుకునేవాడు. అలా ఆ పాము రెండేళ్ళ పాటు రోజూ పొద్దున చచ్చి సాయంత్రానికి లేచి కూర్చునేది.

నవ్వులాటగా ఉండేదే గానీ, ఆ యుద్ధంలో వాళ్ళవాడొకడున్నాడు. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, సైన్యంలో లారీ డ్రైవరు, వెళ్ళి పద్దెనిమిది నెలలు. కొత్తవాళ్ళు వెళితే పాతవాళ్ళకి సెలవు దొరుకుతుందని తండ్రి ఆశ. అందరూ వచ్చేస్తే వాడూ వచ్చేస్తాడని మేనమామ ఆశ. ఈ సంగతి ఇద్దరిలో ఎవడూ పైకి అనడు. అది ఆవిడకి తెలుసు గనకే ఇద్దరికీ ఇంకా టీ పోస్తోంది.

సోమవారం వాడి ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే సైన్యం వాళ్ళు విప్పి చదివి, తమకు నచ్చని చోట్ల నల్లసిరా పూసి పంపారు. ఈసారి రెండు చోట్ల పూశారు. ప్రూఫమ్మ దాన్ని ఇద్దరికీ పైకి చదివి వినిపించి, బల్ల మీది నిఘంటువులో దాచుకుంది. ఆ తర్వాత ఇద్దరూ వేర్వేరు వేళల్లో ఆ నిఘంటువులో ఏదో మాట వెతుక్కోవడానికి వచ్చారు. జన్మలో నిఘంటువు ముట్టని మొగుడు కూడా వచ్చేసరికే ఆవిడకి అనుమానం రావలసింది. రాలేదు.

గురువారం పదకొండింటికి రెండు ప్రూఫులు బల్ల మీదికి వచ్చాయి. ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఊళ్ళో ప్రెస్సు ఒక్కటే, రెండు పార్టీల కరపత్రాలూ అక్కడే అచ్చవ్వాలి. ఎవరు ఏది తెచ్చినా అక్షరం మార్చకుండా పేర్చాలని నాన్నగారి కట్టడి. పంపుదాం వాళ్ళ కరపత్రం అడుగున చిన్న గడిలో ఇలా ఉంది: "మనవాళ్ళు తక్కువ, అవతలివాళ్ళు ఎక్కువ. ఇంకొందరు వస్తేగానీ గెలవలేం." రప్పిద్దాం వాళ్ళ దాంట్లో ఇలా ఉంది: "మొన్న కొత్తవాళ్ళు వచ్చారు. ఏం లాభం? మంది పెరిగారు గానీ గెలుపు రాలేదు. ఒకరిని చూసి ఒకరు నిలబడిపోయారు. ఇక ఇది మానేయడమే మంచిది." రెండింటి కిందా ఒకే మాట: మన ప్రెస్సువారి అబ్బాయి యుద్ధభూమి నుంచి రాసిన ఉత్తరం.

చెయ్యి అలవాటు చెడ్డది. మొదటిదాంట్లో ఎగిరిపోయిన ఒక కొమ్మును ఆవిడ చేర్చేసింది కూడా. ఆ తర్వాత చదివిందేమిటో బుర్రకెక్కింది. రెండు ఉత్తరాల కిందట కొడుకే రాశాడు. తన జతగాడి ఉత్తరమేదో పేపర్లో పడిందట, పైవాళ్ళు వాడి సెలవు ఏడాది వెనక్కి తోసేశారట. ఇప్పుడు వీడి సెలవు వంతు వస్తోంది. సాయంత్రం నాలుగింటికి పార్టీల మనుషులు వచ్చి ఈ కాగితాలు ఊరంతా పంచుతారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

ఇద్దర్నీ పిలిచింది. ముందు మొగుడు ఉత్తరంలోంచి రాసిచ్చిన గడిని చూసి ఒళ్ళు మండి తమ్ముడు తన గడి పేర్చుకున్నాడని రెండు ప్రశ్నల్లో తేలింది.

"పేరు వెయ్యలేదుగా," అన్నాడు మొగుడు.

"ఊళ్ళో ప్రెస్సు ఒకటే. ఆ ప్రెస్సుకి అబ్బాయీ ఒక్కడే," అందావిడ. "వాడి సెలవు పోతే మీ ఇద్దరి మొహాలూ ఏడాదిపాటు నేను చూడాలి."

మొగుడి ముఖం పాలిపోయింది. తీసేస్తానన్నాడు, అయితే ముందు బావమరిది తీయాలన్నాడు. బావ తీస్తే తనూ తీస్తానని తమ్ముడు. నువ్వు ముందంటే నువ్వు ముందని గుమ్మంలో నిలబడ్డారు. కొడుకు అచ్చంగా రాసిన మాటే తాను వేశానని మొగుడు అంటే, తనదీ వాడి మాటేనని, అదీ ఆఖరి మాటని తమ్ముడు అన్నాడు.

"ఆ నల్లసిరా కింద ఏముందో తెలిస్తే నువ్వు నోరెత్తవు బావా," అన్నాడు.

ఆ మాటకి ప్రూఫమ్మ ఉత్తరం తీసి, తిరగేసి బల్ల మీద పెట్టింది. చిన్నప్పుడు కొడుక్కి అక్షరాలు దిద్దుకోవడానికి దొరికినవి ప్రెస్సులో కార్బన్ పెట్టి రాసే పుస్తకాలే. మూడో కాగితం దాకా దిగాలని కలాన్ని నొక్కి నొక్కి రాయడం మప్పారు. పాతికేళ్ళొచ్చినా ఆ నొక్కుడు పోలేదు. సిరా ముందువైపు పూశారు గానీ, వెనకవైపు వాడి రాత ఉబ్బెత్తుగా అలాగే ఉంది. ఆవిడ పెన్సిల్‌ను పడుకోబెట్టి ఆ ఉబ్బు మీద మెల్లగా రుద్దింది. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి, అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి. ఇంకొకరైతే అద్దం కోసం వెతుక్కునేవారు. తిరగబడి ఉండే సీసపు అక్షరాల మధ్య పెరిగిన పిల్లకి ఏది తిరగేసింది, ఏది సరైంది?

"పక్క పటాలం వాళ్ళతో వాగు ఒడ్డున రోజూ వాలీబాల్ ఆడుతున్నాం," అని చదివింది.

పటాలం, వాగు అన్న మాటలు ఉన్నందుకే సైన్యం వాళ్ళు ఆ వాక్యానికి సిరా పూసి ఉంటారు. ఆవిడ దాని తర్వాతి వాక్యాలు వరసగా చదువుకుపోయింది. మనవాళ్ళు తక్కువ, అవతలివాళ్ళు ఎక్కువ. ఇంకొందరు వస్తేగానీ గెలవలేం. మొన్న కొత్తవాళ్ళు వచ్చారు.

"వాలీబాలా," అన్నాడు మొగుడు. నమ్మకం కుదరక వంగి, వేలు పెట్టి తనూ కుడి నుంచి ఎడమకి చదువుకున్నాడు. తమ్ముడికి ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికి వచ్చింది. రెండు పార్టీలు కలిసి ఒక వాలీబాల్ ఆట మీద దేశాన్ని ఓటు అడగబోయాయి. మొగుడు నవ్వకుండా ఉండాలని చూశాడు, వల్ల కాలేదు.

ఎవరు ముందనేది ఇద్దరూ మరిచిపోయారు. వెనక గదిలోకి వెళ్ళి రెండు గడులూ ఊడదీసి, భుజం భుజం ఆనించుకుని అక్షరాలు తిరిగి అరల్లో వేయడం మొదలుపెట్టారు. మొగుడు ఒక అరలో వేయాల్సింది ఇంకో అరలో వేస్తుంటే తమ్ముడు ఏమీ అనకుండా తీసి సరైన దాంట్లో వేస్తున్నాడు. ఖాళీ అయిన చోట రెండింటిలోనూ ఒకే పూలతీగ బిగించారు. సాయంత్రం కాగితాలు తీసుకుపోయిన పార్టీల మనుషులు గడి ఏమైందని అడగనైనా లేదు. తీగ బాగుందన్నారు.

ఇంకా రెండో నల్లమరక ఉంది. అది ఉత్తరం చివర, సంతకానికి పైన. మిషన్ చప్పుడు ఆగాక ప్రూఫమ్మ దాన్నీ రుద్దింది. నెలాఖరు ఆదివారం, పొద్దున పదింటి బండి, ఇరవై రోజులు సెలవు. నాన్నకీ మామయ్యకీ ఒకేసారి చెప్పు, లేకపోతే ఎవరికి ముందు చెప్పావని తగువు పెట్టుకుంటారు అని కూడా ఉంది. ఆవిడకి కళ్ళనీళ్ళు వచ్చాయి, సంతోషం ఒళ్ళంతా పాకింది. ఇరవై రోజులయ్యాక వాడు మళ్ళీ ఆ కొండల్లోకే పోతాడని ఆవిడకి తెలుసు. పంపేవాళ్ళు గెలిచినా, రప్పించేవాళ్ళు గెలిచినా అది ఇరవై రోజుల్లో తేలేది కాదు. అయినా ఇరవై రోజులంటే ఇరవై రోజులే.

ఇద్దర్నీ పిలిచి ఒకేసారి చెప్పింది. మొగుడు కుర్చీలో కూలబడ్డాడు. తమ్ముడు కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. ఆ మెత్తదనం ఎంతసేపు ఉంటుంది? స్టేషనుకి వీధి వీధంతా కదలాలన్నాడు మొగుడు, తెలిసినవాళ్ళనీ, తెలియనివాళ్ళనీ కూడా పిలుద్దామన్నాడు. ఒక పెట్టె మోయడానికి అంతమంది ఎందుకు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకోవడానికా, ఇద్దరు చాలన్నాడు తమ్ముడు. ఇద్దరు వెళితే పిల్లాడు చిన్నబోతాడని మొగుడు. యాభైమంది వస్తే వాణ్ణి చూసేదెవరని తమ్ముడు. గొంతులు మెల్లగా పాత దారిన పడ్డాయి.

"నేనొక్కదాన్నే వెళతాను," అంది ప్రూఫమ్మ.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"వాడు బండి దిగగానే యుద్ధం ఎలా ఉందని మీరు అడుగుతారు. మంది సరిపోతున్నారా అని ఒకరు, ఎక్కువయ్యారా అని ఒకరు. వాడు ఏం చెప్పినా మీలో ఒకరు ఓడిపోతారు. నేనైతే ఆకలేస్తోందా అని అడుగుతాను."

మొగుడు తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడూ బావ వైపే చూస్తున్నాడు. సరేనన్నారు, ఇద్దరూ ఒకేసారి.