గోరంచున నెత్తురు

తెలంగాణ కోసం ఎల్బీ నగర్ రోడ్డు మీద వంటావార్పు చేస్తున్నవాళ్ల మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఒళ్లునొప్పులతో పరుగెత్తలేక కూలబడ్డ యాదలక్ష్మిని మొగుడు భిక్షపతి జుట్టు పట్టి ఈడ్చాడు. "గిప్పుడు గూడ నాటకాలేనా? లెవ్వు!" అని చెంప పగలగొట్టాడు. అంతలోనే అతని వీపు మీద లాఠీ విరిగింది.

దవాఖానలో, పెళ్లాం నొప్పులన్నీ నాటకాలే అన్న భిక్షపతికి డాక్టరమ్మ ఇద్దరి గోళ్ల అంచులనూ సూక్ష్మదర్శినిలో పోల్చి చూపించింది. భిక్షపతి సన్న రక్తనాళాలు ఒత్తుగా, వరసగా ఉన్నాయి. యాదలక్ష్మివి పలచబడి వంకరలు తిరిగాయి.

"నాటకం కాదయ్యా, ఫైబ్రోమయాల్జియా. ఒళ్లంతా ఎడతెగకుండా నొప్పులుండే జబ్బు. కొందరిలో నాళాలు కూడా ఇలా మారతాయి."

భిక్షపతి గొంతు తగ్గింది. "గంత నొస్తదానే?"

యాదలక్ష్మి అతని వీపు మీద కమిలిన చోట బొటనవేలు పెట్టి బలంగా నొక్కింది. అతని కేకకు వార్డంతా ఉలిక్కిపడింది.

"గిట్ల," అంది, వేలు తియ్యకుండానే. "పొద్దుమాపు."