చెవులతో నడిపే డ్రైవరు

రెండోసారి కూడా పరీక్ష పోయిన రోజు సాయంత్రం డ్రైవరు ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, చేతిలో కాగితం పంతులమ్మకి అందించాడు.

పంతులమ్మ అంటే బళ్ళో పాఠాలు చెప్పే పంతులమ్మ కాదు, అతని భార్య. ఎమ్మెస్సీ చదివింది. నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో ఉద్యోగం వస్తే ఈ దేశానికి వచ్చింది, ఆమె వెంట అతనూ వచ్చాడు. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకాన్ని రోజుకు నాలుగు పేజీల చొప్పున అతనికి చదివి చెప్పి, మర్నాడు అప్పజెప్పించుకునేది. అప్పటినుంచి అతను ఆమెని పంతులమ్మా అంటున్నాడు. ఆమె అతన్ని డ్రైవర్ గారూ అంటోంది. పెళ్ళయి ఇంకా ఆరు నెలలు నిండలేదు కాబట్టి, అలా పిలుచుకున్న ప్రతిసారీ ఇద్దరికీ నవ్వొస్తుంది. ఆ సాయంత్రం మాత్రం రాలేదు.

ఆమె కాగితం చూసింది. గేర్లు, తప్పు లేదు. బ్రేకు, తప్పు లేదు. బండి వెనక్కి తీయడం, తప్పు లేదు. పైగా ఆ గడి పక్కన 'చాలా బాగుంది' అని పెన్నుతో రాసి ఉంది. కింద ఒకే ఒక్క గడిలో వరసగా నాలుగు గీతలు. ఆ గడి పేరు, 'చూడలేదు'.

"చూడలేదట!" అన్నాడు డ్రైవరు. "పన్నెండేళ్ళు లారీ చూడకుండానే నడిపానా? ఘాట్ రోడ్లన్నీ కళ్ళు మూసుకుని ఎక్కానా? ఆయనకి నా మొహం నచ్చలేదు, అంతే."

"మొదటిసారి పరీక్ష పెట్టినావిడ వేరు కదండీ. ఆవిడ కూడా ఇదే గడిలో గీతలు పెట్టింది."

"ఇద్దరూ మాట్లాడుకుని ఉంటారు."

ఆమెకి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. అతను బండి నడపలేడంటే ఆమె ఎలా నమ్ముతుంది? అసలు పెళ్ళిచూపుల రోజున ఆమె మనసులో సరే అనుకున్నదే అతను బండి వెనక్కి తీయడం చూసి. వాళ్ళ సందు మనిషి గొడుగు వేసుకుని నడిస్తే గోడలకి తగిలేంత వెడల్పు. పదకొండు మంది చుట్టాల్ని దింపిన వ్యానుని అతను ఆ సందులోంచి, అటో సైకిలూ ఇటో నీళ్ళ డ్రమ్మూ ఉండగా, గీత కూడా పడకుండా వెనక్కి తీశాడు. ఆమె మేడ మీది కిటికీలోంచి చూసింది. కాఫీ కప్పుల ట్రే పట్టుకుని కిందికి వచ్చేసరికే నిర్ణయం అయిపోయింది. మిగతా ముచ్చటంతా పెద్దవాళ్ళ తృప్తి కోసం.

అలాంటి మనిషి ఇక్కడ ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో మూటలెత్తే పనిలో చేరాడు. ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లను చక్రాల బోనుల్లో పేర్చి వ్యానుల్లోకి ఎక్కిస్తాడు. వ్యాను నడిపే ముసలాయన ఈ నెలాఖరుకి పని మానేస్తున్నాడు. లాండ్రీ యజమానురాలు ముందే చెప్పింది: "ఒకటో తారీఖులోగా లైసెన్సు తెచ్చుకో, ఈ బండి నీది. తేలేకపోతే ఇంకొకరిని పెట్టుకోవాల్సి వస్తుంది. తప్పుగా అనుకోకు." మూడో పరీక్ష ఇరవై ఎనిమిదిన. అదీ పోతే మళ్ళీ ఆరు నెలల దాకా పరీక్షకి రానివ్వరు. అందాకా డ్రైవరు, ముట్టుకుని నడిపే హక్కు లేని ఆ వ్యానుని, ఎవరూ అడగకపోయినా రోజూ సాయంత్రం తోమి కడిగి ఇంటికి వస్తున్నాడు.

అన్నం తింటూ, పళ్ళెంలోకే చూస్తూ, అతను నెమ్మదిగా అన్నాడు: "నాకు బండి రాదేమో, పంతులమ్మా."

ఆ ఒక్క మాట ఆమెని నిలవనివ్వలేదు. అతను కోప్పడినా బాగుండేది.

ఆదివారం డ్రైవింగ్ మాస్టారు కారు తెచ్చినప్పుడు, "నేనూ వస్తాను" అని ఆమె వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. ఒళ్ళో చిన్న నోటు పుస్తకం, పెన్ను.

"ఇదేంటి, ఇన్‌స్పెక్షనా?" అన్నాడు డ్రైవరు అద్దంలోంచి.

"మీరు రోడ్డు చూడండి."

కారు నీళ్ళ మీద ఆకులా పోతోంది. గేరు మారడం చెవికి తెలుస్తోంది గాని ఒంటికి తెలియడం లేదు. ఇతనికి లైసెన్సు ఇవ్వనివాళ్ళకి కళ్ళున్నాయా అని ఆమెలోని పెళ్ళాం మనసు అడిగింది. ల్యాబులో పనిచేసే బుద్ధి మాత్రం, ముందు చూడు, తర్వాత మాట్లాడు అంది.

నాలుగో మలుపు దగ్గర తెలిసింది. మాస్టారు కూర్చున్న వైపు తిరగాలి. అతను సిగ్నల్ వేశాడు, వేగం తగ్గించాడు, తిప్పబోయాడు. టక్కున మాస్టారు తన కాలి కింది బ్రేకు తొక్కాడు. ముగ్గురూ ముందుకు ఊగారు. కారు పక్క నుంచి ఒక సైకిలావిడ, నూనె పట్టించిన సైకిలేమో, చప్పుడు లేకుండా జారుకుంటూ వెళ్ళిపోయింది.

"చూశారా, బెల్లయినా కొట్టలేదు!" అన్నాడు డ్రైవరు.

"ఆవిడెందుకు కొట్టాలి?" అన్నాడు మాస్టారు. "నువ్వు చూడాలి."

డ్రైవరు ఏదో అనబోయాడు. ఇంతలో వెనక సీట్లోంచి పంతులమ్మ, మాస్టారికి అర్థం కాకుండా తెలుగులో అడిగింది: "ఏవండీ, మీ లారీకి ఆ పక్క అద్దం ఉండేదా?"

"ఉండేది. మూసేసి ఉండేది. సందుల్లో తగిలి విరుగుతుందని మడిచిపెట్టేవాళ్ళం."

"మరి ఆ పక్క ఎవరు చూసేవాళ్ళు?"

"క్లీనర్ తాత. అరవై ఏళ్ళు. పక్కన కూర్చుని, పోవచ్చంటే చేత్తో తలుపు మీద చరిచేవాడు. వద్దంటే అరిచేవాడు. తాత గొంతు రెండూళ్ళకి వినపడేది."

"వెనక నుంచి వచ్చేవాళ్ళు?"

"హారన్ కొడతారు కదా! కొట్టమని బండి వెనక మనమే రాసి పెడతాం. కొట్టలేదంటే ఎవరూ లేరనే."

ఆమె నోటు పుస్తకం మూసేసింది. "డ్రైవర్ గారూ, మీరు పన్నెండేళ్ళు చెవులతో నడిపారు. ఇక్కడెవరూ చప్పుడు చెయ్యరు. చప్పుడు లేదంటే ఎవరూ లేరని మీ ప్రాణం అనుకుంటోంది."

మాస్టారు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఇంట్లో గొడవా?" అన్నాడు.

పరీక్షకి ఇంక పన్నెండు రోజులున్నాయి. మాస్టారి కారు వారానికి ఒక గంట. ఇల్లయితే రోజంతా చేతిలోనే ఉంది. ఒక గదీ, ఒక వంటగదీ, మధ్యలో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సిన నడవా. పంతులమ్మ బజారుకి వెళ్ళి చేతి అద్దాలు మూడు తెచ్చింది. ఒకటి వంటగది గట్టు పైన, రెండు అటూ ఇటూ వేలాడదీసింది. గట్టు ముందు స్టూలు వేసి, అతని చేతికి ఉల్లిపాయలూ కత్తీ ఇచ్చింది.

"ఇది స్టీరింగు. మీ పని మీరు చేసుకోండి. నేను ఎటునుంచి వస్తానో చెప్పను. నేను మీ భుజం ముట్టుకునేలోగా చూసి, మెడ తిప్పి, ఏ వైపో చెప్పాలి. చెప్పలేకపోతే గిన్నెలన్నీ మీవే."

"చెప్తే?"

"చెప్పాక చూద్దాం."

మొదటి రోజు డ్రైవరు పదికి పది చెప్పాడు. చూడకుండానే చెప్పాడు. ఆమె గదిలోంచి కాలు కదపగానే పట్టీల చప్పుడు పట్టేసేవాడు. "నడవాలో ఉన్నావు. ఇప్పుడు ఆగావు. ఇప్పుడు నవ్వుతున్నావు." అని ఉల్లిపాయ తరుగుతూనే చెప్తున్నాడు. ముచ్చటేసింది గాని, రోగమూ అదే కదా. ఆమె మంచం మీద కూర్చుని పట్టీలు విప్పి డబ్బాలో పెట్టింది. గాజులు తీయడానికి మనసొప్పక మోచేతుల దాకా ఎక్కించి చేతిరుమాళ్ళు కట్టింది. కాళ్ళకి మేజోళ్ళు వేసుకుంది.

ఆ తర్వాత పదికి పదిసార్లు ఓడిపోయాడు. ఓడిపోయిన ప్రతిసారీ పిల్లిలా ఉలిక్కిపడేవాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది. గిన్నెలు తోముతూ అతను, "ఇది అన్యాయం, మనిషన్నాక అడుగుల చప్పుడుండాలి" అని సణిగేవాడు.

"సైకిలావిడతో చెప్పండి ఆ మాట."

మూడో రోజుకి అద్దాల్లోకి చూడడం మొదలుపెట్టాడు. అయితే కళ్ళు మాత్రమే తిప్పేవాడు. పంతులమ్మ ఒప్పుకోలేదు. "మెడ తిప్పాలి. అద్దంలో కనపడని మూల ఒకటుంటుంది. పైగా మీరు చూశారని పక్కన కూర్చున్నాయనకి తెలియొద్దూ?"

"పెళ్ళిచూపుల్లో ఇలా మెడ తిప్పుంటే మీ నాన్న గెంటేసేవాడు."

"అప్పుడు తిప్పకపోబట్టేగా నేను మేడ మీద ఉన్నా మీకు తెలియలేదు!"

"ఏంటీ? మేడ మీదున్నావా?"

ఆమె నాలిక కరుచుకుంది. ఆ కథంతా చెప్పేదాకా అతను వదల్లేదు. విన్నాక కాసేపు ఉల్లిపాయలు తరగడం మానేసి, నెపం వాటి మీదకి నెట్టేసి, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వారంలోనే అతని అక్క వీడియోలో ఫోను చేసింది. ఫోను ఎక్కడో గట్టున ఆనించి ఉంటే, ఆవిడ కళ్ళు సూటిగా మరదలి కాళ్ళ మీద పడ్డాయి.

"అమ్మాయ్, పట్టీలేవే? పోగొట్టావా?"

"లేదు వదినా, తీసి పెట్టాను. మీ తమ్ముడికి డ్రైవింగ్ నేర్పిస్తున్నాను."

"మా తమ్ముడికి? డ్రైవింగు? నువ్వు? వాడు పుట్టడమే హారన్ కొట్టుకుంటూ పుట్టాడే! అయినా పట్టీలకీ స్టీరింగుకీ ఏంటే సంబంధం?"

పంతులమ్మ అంతా వివరంగా చెప్పింది. వదిన విని, చెంగుతో మూతి తుడుచుకుని, "ఒరేయ్" అని తమ్ముణ్ణి పిలిచింది. "నేను పాతికేళ్ళు గొంతు చించుకుని పిలిస్తే గాని తిరగలేదు నువ్వు. ఈ పిల్ల నోరెత్తకుండా తిప్పుతోందన్నమాట. బాగుపడు."

పదో రోజుకి పరిస్థితి తిరగబడింది. పంతులమ్మ నడవాలో మొదటి అడుగు వేయకముందే, "పక్క సీటు వైపు, పచ్చ చీర, చేతిలో దుప్పటి" అని మెడ తిప్పి మరీ చెప్తున్నాడు. దుప్పటి ముసుగేసుకుని వచ్చినా దొరికిపోయింది. గెలిచినందుకు ఆమె ఏమిచ్చిందో ఈ కథకి అక్కర్లేదు. గిన్నెలు మాత్రం పరీక్ష రోజు దాకా ఆమే తోమింది. ఈ అలవాటు ఇంట్లో ఆగలేదు. బస్సులో, కొట్టు దగ్గర వరసలో, లాండ్రీలో బోను తోస్తూ కూడా మెడ అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. తోటి పనివాడు ఒకడు మెడ నొప్పేమోనని పూతమందు ట్యూబు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఇరవై ఎనిమిదో తారీఖు పంతులమ్మ ల్యాబుకి సెలవు పెట్టింది. పరీక్ష పెట్టే ఆఫీసు ఆవరణలో ఒక బల్ల మీద కూర్చుంది. ఈసారి వచ్చినాయన పొడుగ్గా, మొహంలో ఏ భావమూ లేకుండా ఉన్నాడు. కారు గేటు దాటి వెళ్ళిపోయింది. నలభై నిమిషాలు. ఆమె గాజులన్నీ ఎన్నిసార్లు లెక్కపెట్టిందో, ప్రతిసారీ వేరే సంఖ్య వచ్చింది. ఆరు నెలలు ఇంకెవరో నడిపే వ్యానుని అతను కడుగుతూ ఉండడం ఆమె కళ్ళ ముందు మెదిలింది. వద్దనుకున్నా మెదిలింది.

కారు తిరిగి వచ్చింది. గేటు దగ్గర ఆగింది. దూరం నుంచే అద్దంలోంచి అతని తల కనపడింది. ఇటు తిరిగింది, పైకి లేచింది, అటు తిరిగింది. అప్పుడు గాని కారు లోపలికి రాలేదు. ఆమె బల్ల మీంచి లేచి నిలబడింది. ఆ కాస్త దానికే గుండె నిండిపోయింది, ఫలితం ఇంకా రానేలేదు.

పొడుగాయన కారులో కూర్చునే చాలాసేపు రాశాడు. తర్వాత దిగి, డ్రైవరు చేతిలో కాగితం పెట్టి, ఏదో అని, చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. డ్రైవరు కారు పక్కనే నిలబడిపోయాడు. ఆమె పరుగున వెళ్ళింది.

"ఏమైంది? ఏమన్నాడు? చెప్పండి బాబూ!"

"సైకిలొచ్చింది" అన్నాడు డ్రైవరు.

"ఏ సైకిలు?"

"చప్పుడే లేదు పంతులమ్మా! బడి పక్క మలుపులో. నేను తిరగబోతూ మెడ తిప్పాను, ఆ మూలన ఉంది. ఆగాను. పోనిచ్చాను. ఆ సైకిలాయన నాకు చెయ్యెత్తాడు. నాకు! ఈ దేశంలో రోడ్డు మీద నాకు చెయ్యెత్తిన మొదటి మనిషి."

"కాగితం ఏదండీ, కాగితం!"

ఆమె లాక్కుని చూసింది. గడులన్నీ ఖాళీ. 'చూడలేదు' గడి అన్నింటికంటే తెల్లగా ఉన్నట్టు కనపడింది. కింద 'ఉత్తీర్ణత' అని ముద్ర, దాని పైన పూర్తిగా అతని పేరు. భార్య వెంట వచ్చినవాడిగా కాకుండా, అచ్చంగా అతనిగా అతని పేరు పడ్డ మొదటి కాగితం ఈ దేశంలో అదే. ఆమె సైకిలు కథ అక్కడే ఇంకోసారి చెప్పించుకుంది, బస్సులో మరోసారి. మూడోసారికి ఆ సైకిలాయన టోపీ తీసి దణ్ణం పెట్టేదాకా వెళ్ళింది. ఆమె నమ్మేసింది.

ఇద్దరూ నేరుగా లాండ్రీకే వెళ్ళారు. యజమానురాలు కళ్ళజోడు పెట్టుకుని కాగితం ముందూ వెనకా చదివింది. అసలు కార్డు పోస్టులో వచ్చేదాకా ఇది చెల్లుతుందని కింద రాసి ఉంది. ఆవిడ గోడకి ఉన్న మేకు నుంచి తాళం తీసి అతని అరచేతిలో పెట్టింది. "పెద్దాసుపత్రికి పన్నెండు బోనులు సిద్ధంగా ఉన్నాయి. ముసలాయన కాళ్ళ నొప్పులతో ఇవాళ రాలేదు. వెళ్ళొస్తావా?"

పంతులమ్మ ఆవరణలో యజమానురాలి పక్కన నిలబడింది. డ్రైవరు వ్యాను ఎక్కాడు. సీటు ముందుకి జరిపాడు. ఇంజను మోగింది. ఒక నిమిషం గడిచింది. వ్యాను కదల్లేదు.

"ఏమైంది? గేరు పడటం లేదా?" అంది యజమానురాలు.

"పడింది."

"మరి ఏం చేస్తున్నాడు?"

అద్దంలో అతని మొహం ఇటు తిరిగింది, అటు తిరిగింది, ఆమె ఉన్న మూలకి వచ్చి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది.

"చూస్తున్నాడండీ" అంది పంతులమ్మ. ఊరంతటికీ వినపడేట్టు అంది.