పన్నెండు వందల ఒకటో పేజీ

నేను ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును. పద్నాలుగు వందల పేజీలు, మూడు కిలోల బరువు, గోధుమరంగు అట్ట. ముందే చెబుతున్నాను, చల్లగా మాట్లాడే ఓపిక నాకు లేదు. నా ఒంటి మీద బ్లేడు పెట్టిన మనిషికి శాలువా కప్పారు. చేతులు కడుక్కుని మరీ నన్ను ముట్టుకున్న మనిషి పేరు నోటీసు బోర్డుకు ఎక్కించారు. ఇంకా మర్యాదగా ఎలా మాట్లాడమంటారు?

నన్ను రాసిన పండితుడికి పదకొండేళ్లు పట్టింది. చీటీల మీద మాటలు రాసి చెప్పుల డబ్బాల్లో దాచుకునేవాడు. ఆయన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించినవి రెండే మాటలు, రన్, సెట్. ఇంగ్లీషులో మూడేసి అక్షరాలు, అంతే. రన్ అంటే పరుగు అని రాసి చేతులు దులుపుకుందామంటే కుదిరిందా? నది పారడం, ముక్కు కారడం, చీర రంగు దిగడం, దుకాణం నడపడం, అన్నీ రన్నే. మనవాళ్లు ఎన్నికల్లో నిలబడతారు, అమెరికావాడు పరుగెత్తుతాడు! సెట్ దానికి అక్క. పొద్దు కుంకినా సెట్టే, పెరుగు తోడుకున్నా సెట్టే. విరిగిన ఎముక అతకడం, ఉంగరంలో రాయి పొదగడం, గడియారంలో అలారం పెట్టడం, ఇలా ఐదు నిలువు వరుసలు. ఒక ఎండాకాలమంతా ఆ మహానుభావుడు ఈ రెండింటితోనే కుస్తీ పట్టాడు. నాలో నాకు గర్వమంటూ ఉంటే ఆ రెండు కాగితాల మీదే.

అచ్చయ్యాక నన్ను కొన్నది భూపతి సారు. మరమగ్గాలు మోగే ఈ ఊళ్లో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు నడుపుతాడు. కొన్న వారానికే శాఖా గ్రంథాలయానికి దానమిచ్చాడు. మొదటి పేజీలో నా పేరు కంటే పెద్దగా తన పేరు రాసుకున్నాడు. ఇచ్చేవాళ్లలో చాలామంది ఇంతే, ఇచ్చాక కూడా చెయ్యి వదలరు.

గ్రంథపాలకుడు విఠల్ సారు నన్ను ఇంటికివ్వకూడని పుస్తకాల బీరువాలో పెట్టాడు. ఈ గ్రంథాలయంలో ఒక పాత పద్ధతి ఉంది. ప్రతి వంద తర్వాత వచ్చే మొదటి పేజీ మీద, అంటే నూట ఒకటి, రెండు వందల ఒకటి, ఇలా, గుండ్రటి ముద్ర వేసి అందులో పుస్తకం నంబరు రాస్తారు. పేజీలు కోసుకుపోయే పెద్దమనుషులు ఎప్పటికైనా దొరకాలని చేసిన ఏర్పాటు. పాఠకులకు ఆ సంగతి చెప్పరు. నా నంబరు నాలుగు వేల నాలుగు వందల పదిహేడు.

ఆరేళ్లు నన్ను చదివిన పాపాన ఎవరూ పోలేదు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పేపర్ల మీద బరువు పెట్టడానికి మాత్రం బాగా పనికొచ్చాను. అప్పుడు వచ్చింది దూస సుగుణ. ముప్పై ఆరేళ్ల మనిషి. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. ఆ సాంచాల షెడ్డులో కండెలకు నూలు చుడుతుంది. పదో తరగతితో ఆగిన చదువును ఓపెన్ డిగ్రీలో మళ్లీ అందుకుంది. ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పింది. మధ్యాహ్నం పని దిగి నేరుగా వచ్చేది. కుళాయి దగ్గర చేతులు కడిగి, కొంగుకు తుడుచుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి నన్ను తీసుకునేది.

ఒకరోజు రన్, సెట్ రెండింటినీ పక్కపక్కన పెట్టి నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. పన్నెండు రోజులు రాసింది. ఒక్క అర్థం కూడా వదల్లేదు. చివర్న సంబరం పట్టలేక విఠల్ సారుకు చూపించింది.

"సార్, గీ రెండు మాటలు మా షెడ్డుల రోజు అంటనే ఉంటం. సెట్ అంటే దేని జాగల దాన్ని కూసోబెట్టుడు, రన్ అంటే ఆడ్నించి కదిలించుడు. పోగు సెట్ గాకుంటే సాంచా రన్ గాదు. గింతే గద సార్?"

గింతే! మా పండితుడు ఎండాకాలమంతా గింజుకున్నది ఈవిడ రెండు ముక్కల్లో తేల్చేసింది. నాకు నోరుంటే శెభాష్ అని అరిచేదాన్ని.

ఆ మర్నాడే భూపతి సారు వచ్చాడు. ఆయన క్లాసుల్లో అమ్మే పుస్తకం పేరే 'ఒక మాట, ఒక అర్థం'. ఈసారి పరీక్షల్లో ఒకే మాటకు నాలుగైదు అర్థాలు అడిగారట, పిల్లలు ఆయన్ను నిలదీశారట. రిజిస్టరు వైపు కూడా చూడకుండా నన్ను మూలకు తీసుకెళ్లి, జేబులోంచి బ్లేడు తీసి రన్ ఉన్న కాగితం, సెట్ ఉన్న కాగితం కోసేశాడు. కోస్తూ కూనిరాగం తీశాడు. ఛీ! ఆ కూనిరాగం తలుచుకుంటే ఇప్పటికీ నా అట్ట కాలిపోతుంది.

వారం తర్వాత విఠల్ సారు చూశాడు. రిజిస్టరు తీశాడు. నెలంతా సుగుణ సంతకాలే.

"నేను కొయ్యలే సార్. కోసేదాన్నయితే పన్నెండు రోజులు చెయ్యి నొయ్యంగ ఎందుకు రాసుకుంట?"

"నీ సంతకం తప్ప ఇంకెవలిది లేదమ్మా. నేనేం జెయ్యాలె?"

ఏం చెయ్యాలో తెలియదట! ఒక్క నిమిషం ఆలోచించాలి, అంతే కదా! ఆయన మాత్రం ఎర్ర స్కెచ్ పెన్ను తీసి, పేజీలు కత్తిరించినందుకు దూస సుగుణకు ప్రవేశం లేదని పెద్ద అక్షరాలతో రాసి బోర్డుకు అంటించాడు. సుగుణ డిగ్రీ పరీక్షకు అప్పటికి మూడు వారాలే. ఊరంతా ఆ బోర్డు చదివింది. నన్ను చదవని వాళ్లు కూడా చదివారు.

పదిరోజులకు గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. వేదిక మీద భూపతి సారు, ఆయన ముందు దాత ఇచ్చిన గ్రంథమని పూలు చుట్టి నేను. సుగుణ తిన్నగా లోపలికొచ్చింది. చేతిలో ఒక జిరాక్స్ కాగితం.

"సార్, మా పక్కింటి పిల్లకు మీ క్లాసుల ఇచ్చిన్రు. గిది మీదేనా?"

"అవునమ్మా, మా నోట్సే. ఇప్పుడెందుకది?"

"మరి నడుమ గీ గుండ్రపుది ఏంది సార్?"

విఠల్ సారు కాగితం అందుకున్నాడు. అది పన్నెండు వందల ఒకటో పేజీ. సెట్ వరుసల నడుమ నల్లగా మా గ్రంథాలయం ముద్ర, అందులో నా నంబరు. అంత తెలివిగా కోసినవాడు జిరాక్స్ తీసేటప్పుడు ముద్రను చూడనేలేదు.

"నేనిచ్చిన బుక్కే గదా విఠల్! రెండు కాయిదాలకు గింత లొల్లా? తిరిగి పెడదామనుకున్న, యాడనో పోయినయ్" అన్నాడు భూపతి సారు నవ్వుతూ.

సభాధ్యక్షుడు గడియారం చూసుకుని కార్యక్రమం కానిద్దామన్నాడు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు. సిగ్గులేని చప్పట్లు! విఠల్ సారు మాత్రం కొట్టలేదు. లేచి వెళ్లి, అందరూ చూస్తుండగా బోర్డు మీది కాగితం చింపేశాడు. సుగుణ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. వస్తే ఏం మొహం పెట్టుకుని చూడాలో నాకే తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం కుళాయి చప్పుడైంది. చేతులు కడుక్కుని వచ్చింది. నోటు పుస్తకంలోంచి రెండు మాటలూ రాసిన కాగితాలు విప్పి, నా కోతల దగ్గర జిగురు రాసి ఒక్కొక్కటే అతికించింది. నీలి సిరాతో గుండ్రటి అక్షరాలు. సెట్ చివర్న, మా పండితుడు రాయనిది, సాంచా మాట కూడా ఉంది.

విఠల్ సారు ముద్ర తెచ్చాడు. పన్నెండు వందల ఒకటో పేజీ కదా, పద్ధతి ప్రకారం పడాలి. సుగుణ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముద్ర తర్వాత ఏద్దురు సార్. ముందుగాల కింద నా పేరు రాయుర్రి. బోర్డు మీద రాసినంత పెద్దగ."

ఆయన సొరుగు తెరిచి అదే ఎర్ర స్కెచ్ పెన్ను తీశాడు.