ప్రహరీ అవతలి ఊదా పూలు

నరసరావుపేటలో ఇంటిముందే పురుగుమందుల కొట్టున్న త్రికోటేశ్వరరావుకు ఆకు చూపిస్తే చాలు, మొక్క జాతకం చెప్పేస్తాడు. శావల్యాపురం నుంచి నూజెండ్ల దాకా రైతులు తెగులు పట్టిన మిరపాకును జేబులో పెట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. ఈ మధ్య మాత్రం మందు ఆయన దగ్గర కొని, ముచ్చట పక్కింట్లో పెడుతున్నారు.

పక్కింటి ఇంద్రజ దక్షిణ అమెరికా పొదలు పెంచుతోంది. ఆకు తిప్పి, పువ్వు విప్పి, ఫోన్‌లో ఫొటో తీసి పేరు తేల్చేస్తుంది. పూలు ఆమె పెరట్లో పూస్తే, మంట ఈయన కడుపులో మొగ్గ తొడిగింది. ఆకుల పేర్లు చెప్పి పేరు తెచ్చుకున్నవాడి పేరే ఆకులా రాలిపోతే ఎట్లా?

ఒక ఉదయం ప్రహరీ మీదుగా తొంగిచూశాడు. మొన్న ఊదాగా ఉన్న పూలు వెలిసిపోయాయి, కొన్ని తెల్లగా పాలిపోయాయి. ఆయన ప్రాణం మాత్రం పచ్చబడింది. కొట్టులో కూర్చునేవాడికి రంగు మారిందంటే రోగమే.

మందుకొచ్చిన రైతు హనుమయ్యను రెక్క పట్టుకుని ఆమె గేటు దగ్గరికి లాక్కెళ్లాడు.

“ఏందమ్మాయ్, చెట్టు చస్తంటే చూస్తా కూచున్నావ్? తెగులు! ఒక్క స్ప్రే కొడితే లేచి కూర్చుంటది.”

ఇంద్రజ నవ్వింది. “తెగులు కాదు బాబాయ్. ఇది బ్రన్‌ఫెల్సియా, బ్రెజిల్‌ది. పువ్వు ఊదాగా విచ్చుకుని, మర్నాడు లేతబడి, ఆపైన తెల్లబడుద్ది. దాని తీరే అంత.”

“అయితే నా మిరపకు నువ్వు చెప్పిన మందులూ ఇట్టాంటియ్యేనా?” అన్నాడు హనుమయ్య, త్రికోటేశ్వరరావు వైపు తిరిగి.

త్రికోటేశ్వరరావు ముఖం ఊదా, లేత ఊదా, తెలుపు అయింది. పువ్వు మూడు రోజులు చేసే పని ఒక్క నిమిషంలో కానిచ్చింది.

“పరాయి చెట్టుకు వేషాలెక్కువ! మా గేటు మీద కాగితం పూల చెట్టు చూడండి. తాతల నాటిది. మన మట్టిది!”

“అదీ బ్రెజిల్ వైపు నుంచి వచ్చిందే బాబాయ్,” అంది ఇంద్రజ మెల్లగా.

హనుమయ్య ఇక ఆగలేదు. జేబులోంచి మిరపాకు తీసి ఇంద్రజ చేతిలో పెట్టాడు.

ఆమె ఆకును అటూ ఇటూ తిప్పి, త్రికోటేశ్వరరావుకే అందించింది. “మిరప సంగతి నాకేం తెలుసు? బాబాయే చెప్పాలి.”

ఆయన ఆకును వెలుగుకు పట్టాడు. గొంతు సవరించుకున్నాడు. “పై ముడతరా, అంచులు పైకి ముడుచుకున్నయ్ చూడు. కొట్టుకు పద, మందిస్తా.”

తిరిగొస్తూ తన గేటు ముందు ఆగి పైకి చూశాడు. “ఒరేయ్ హనుమయ్యా, ఇదీ బ్రెజిల్ చెట్టేనంటగా! చూడు, డాబా ఎక్కింది. ఆ పిల్ల చెట్టు ఇంకా మోకాలెత్తు దాటలా. ఊళ్లో చెప్పు!”