తెలవలేదని రాయండి

మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీ గేటుకు మునికుమార్ ట్రాక్టరు ఇంకా అరవై బండ్ల దూరంలో ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఆ వరస ఎంత కదిలిందని చూస్తే ఒక పెట్రోలు బంకు దాటింది, అంతే. ట్రాలీలో తోతాపురి కాయ అడుగున మెత్తబడి రసం కారుతోంది. కిలో నాలుగు రూపాయలకు అడిగే కాయకు ఈగలు మాత్రం లెక్కలేనన్ని. ట్రాక్టరు నీడలో కూర్చుని సద్దిమూట విప్పబోతుంటే ఫోను మోగింది. బడి నంబరు. ఆ నంబరు కనబడగానే మూట మళ్లీ కట్టేయడం ఈ మధ్య అతనికి అలవాటైంది.

"పాప మళ్లా పడిపోయింది. వచ్చి పిలుచుకోని పోండి" అన్నారు అవతలినుంచి.

అతను బండి యజమాని వెంకటమునికి ఫోను చేశాడు.

"వరసలో బండి ఇడ్సిపెట్టి పోతే కాయకి ఎవురు పూచీ?" అన్నాడు వెంకటముని. గొంతు పెంచలేదు. "ఈ నెలలో ఇది నాలుగోసారి మునీ. నీ బిడ్డని చూసుకోవద్దని నేను చెప్పకూడదు. పో. ఇంగ రేపట్నుంచి రాబాకు. వేరే డ్రైవర్ని చూసుకుంటాను."

"సరేనన్నా."

సీజను రెండు నెలలు. రోజుకు ఏడు వందలు. ఆ రెండు నెలల కూలితోనే ఏడాదిలో సగం గడవాలి. అదంతా ఒక్క మాటతో పోయిందన్న సంగతి అతనికి అప్పటికి తలకెక్కలేదు. వెనక బండి డ్రైవరుకు తాళం ఇచ్చి, వరస కదిలితే ముందుకు తొయ్యమని చెప్పి, షేర్ ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

గంగోత్రి బడి వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల. ఒళ్లో పుస్తకాల సంచి. కాళ్లు రెండూ బల్లకు వేలాడుతున్నాయి, ఎవరో తగిలించి పోయినట్టు. తండ్రిని చూసి నవ్వబోయి మానుకుంది.

"షుగరు చూసినానప్పా. నూటా నలభై. బాగనే ఉండాది" అంది హెడ్‌మిస్ట్రెస్ చంద్రకాంతమ్మ. మంచి మనిషే. చక్కెర పరీక్ష చేసే మిషను వాడడం పిల్ల తల్లి కోమలిని తనే అడిగి నేర్చుకుంది. "అయినా పడిపోతా ఉండాది. ఈరోజు మెట్ల మీద. తలకాయి రాయికి తగిలుంటే? మిగతా పిలకాయలు భయపడతా ఉండారు. బాగైనాక పంపించు. అంతవరకూ ఇంట్లో పెట్టుకో."

ఎప్పటికి బాగవుతుందో ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

"సరే మేడమ్" అన్నాడు.

గంగోత్రికి చక్కెర జబ్బు ఐదో ఏట బయటపడింది. పిల్లలకు వచ్చే రకం. మాత్రలకు లొంగదు, రోజుకు నాలుగు సూదులు, బతికినన్నాళ్లూ. మొదటి నెల కోమలి సూది చేతపట్టుకుని ఏడ్చేది, బిడ్డ అరిచేది, మునికుమార్ వీధిలోకి పోయి నిలబడేవాడు. పోనుపోను అది కూడా పొయ్యి వెలిగించడం, నీళ్లు పట్టడం లాంటి పనైపోయింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మట్టికుండకు తడి గోనె చుట్టి మందు సీసాలు అందులో దాచేవాళ్లు. ఎంత అన్నానికి ఎంత మందో పదో తరగతి చదివిన కోమలి కళ్లు మూసుకుని చెప్పేది. ఎనిమిదో ఏటికి గంగోత్రే తన సూది తాను పొడుచుకోవడం నేర్చింది. ఆ జబ్బుకు ఒక పేరుంది, ఒక పద్ధతుంది. పేరున్న కష్టాన్ని మనిషి ఎట్లాగో మోస్తాడు.

ఉగాది దాటాక వచ్చినదానికి పేరు లేదు. ఉన్నట్టుండి కాళ్లు వదిలేసేవి. స్పృహ పోదు, మూర్ఛ కాదు, మాట బాగానే ఉంటుంది. నిలబడ్డ పిల్ల నిలబడ్డచోటే కూలిపోతుంది. గంటకో, పూటకో మళ్లీ లేస్తుంది. ఒకరోజు ఎడమ కాలు, ఒకరోజు రెండూ. చక్కెర చూస్తే సరిగ్గానే ఉంటుంది. చిత్తూరులో చూపించారు. వేలూరు పోయి వచ్చారు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తలకూ వెన్నుకూ స్కానింగులు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు. ప్రతి కాగితం మీదా ఒకటే మాట, నార్మల్. ఊళ్లోవాళ్లు ఆ మాట విని సంతోషించారు. గంగమ్మకు పొంగళ్లు పెట్టమని చెప్పినవాళ్లు చెప్పారు, తాయెత్తు తెచ్చినవాళ్లు తెచ్చారు. పొంగళ్లూ పెట్టారు, తాయెత్తూ కట్టారు.

తిరుపతి డాక్టరు పద్మనాభ్ కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగానే మాట్లాడాడు. "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా? బడంటే భయమా? కొంతమంది పిల్లలు పెద్దవాళ్లు తమనే చూస్తూ ఉండాలని ఇలా చేస్తారు. కావాలని కాదు, అలవాటైపోతుంది. పడితే పరుగెత్తకండి. లేపకండి. పట్టించుకోవద్దు. తనే లేస్తుంది."

కోమలి ఆ మాట సగంలోనే లేచి బయటికి వెళ్లిపోయింది. మునికుమార్‌కు మాత్రం అది చల్లగా తాకింది. జబ్బు కాదన్నారు. తను కొంచెం గట్టిగా ఉంటే పోతుందన్నారు. గట్టిగా ఉండడం తన చేతిలో పని. ఇన్ని నెలల్లో అతని చేతికి దొరికిన మొదటి పని అది.

ఆ రోజు బడి దగ్గర ఎక్కిన బస్సు దిగేసరికి గంగోత్రి నిలబడగలిగింది. స్టాపు నుంచి ఊరు కిలోమీటరు. జూన్ ఎండకు తారు మెత్తబడి చెప్పుకు అంటుకుంటోంది. సంచి తను భుజాన వేసుకుని మునికుమార్ ముందు నడిచాడు.

"నాయనా, రొంతసేపు కూసుందామా?"

"నడువు."

ఇంకో వంద అడుగులు వేశారేమో. వెనక దబ్బున చప్పుడైంది. అతను తిరగలేదు. నలభై అడుగుల దూరంలో చింతచెట్టు ఉంటే దాని కిందికి పోయి, రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డాడు. మోటార్ సైకిలు మీద పోతున్న ఇద్దరు ఆగారు.

"ఏందప్పా, బిడ్డ పడిపోయుండాదే."

"లేస్తాదిలే. మీరు పోండి."

వాళ్లు అతని మొహం చూసి వెళ్లిపోయారు. అతను చింతబెరడు మీద గోటితో గీకుతూ నిలబడ్డాడు. పది నిమిషాలు గడిచి ఉంటాయి. ఏడుపు వినిపిస్తే తిరగకూడదని పళ్లు బిగించుకున్నాడు. ఏడుపు రాలేదు. ఆ నిశ్శబ్దానికే భయమేసి తిరిగి చూశాడు.

గంగోత్రి మోచేతుల మీద వస్తోంది. కాళ్లు వెనక ఈడ్చుకుంటూ. చెప్పులు ఎక్కడో వెనకే పడిపోయాయి. మొహమంతా చెమట, నోటి చుట్టూ దుమ్ము.

"వస్తా ఉండా నాయనా" అంది. "కోప్పడబాకు."

అతను సంచి విసిరేసి పరుగెత్తాడు.

ఇంటి ముందు కోమలి బిడ్డ కాళ్లు కడగడానికి నీళ్లు తెచ్చింది. కుడి పాదం ఎత్తి చూసి ఆగిపోయింది. మడమనుంచి చీలమండ దాకా తోలు లేచి ఎర్రగా ఉంది. పక్కన వేలెడు పొక్కులు. తారుతో పాటు చిన్న కంకర రాళ్లు మాంసంలోకి అంటుకుని ఉన్నాయి.

"ఇంత కాలేదాకా ఎట్ల పెట్టుకున్నావు పాపా?"

"కాలిందామా?" గంగోత్రి వంగి, పక్కింటివాళ్ల కాలు చూసినట్టు చూసింది. "నాకు తెల్దే."

కోమలి ఒక రాయి ఊడదీసింది. బిడ్డ కదలలేదు. ఇంకొకటి తీసింది. బిడ్డ కొట్టంలో మేకపిల్లను చూస్తోంది.

"నువ్వు యాడుండినావు అప్పుడు?" అంది కోమలి మొగుడితో.

అతను చెప్పాడు. చింతచెట్టు సంగతి, మోటార్ సైకిలు సంగతి, అంతా. ఆమె తిడుతుందని చూశాడు. ఆమె తిట్టలేదు. గిన్నెలో నీళ్లు పారబోయడానికి దొడ్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

వచ్చాక అన్న మాట ఒక్కటే. "పొద్దన్నే తిరుపతికి పోదాం. ఈ కాలు చూపిద్దాం. కాలు అబద్ధం ఆడదు గదా."

ఆసుపత్రిలో మూడు రోజులుంచారు. కట్టు కట్టారు, రక్తం తీశారు, నరాల పరీక్ష మళ్లీ చేశారు. గంగోత్రి రెండో రోజు వార్డంతా నడిచింది. మూడో రోజు మంచం దిగలేకపోయింది. డాక్టరు వచ్చేసరికి మాత్రం మళ్లీ నిలబడింది. డాక్టరు ముందు నిలబడగలిగినందుకు సంతోషంగా అమ్మ వైపు చూసింది పిచ్చిపిల్ల. అది తనకే నష్టమని ఆ పిల్లకేం తెలుసు?

"చక్కెర వల్ల ఇంత చిన్న వయసులో నరాలు పోవు" అన్నాడు పద్మనాభ్. "పరీక్షల్లోనూ పోలేదు. మనసులో ఉన్న బాధ ఒక్కోసారి స్పర్శను కూడా ఆపేస్తుంది. కాలింది తెలియకపోవడం కూడా దాని కిందికే వస్తుంది."

నాలుగో రోజు పొద్దున నర్సు శకుంతలమ్మ కాగితాలు తెచ్చింది. "డిశ్చార్జి. ఈడ, ఈడ సంతకం పెట్టుమా."

ఒక కాగితం తెలుగులో ఉంది. కోమలి దాన్ని వేలు పెట్టి నిదానంగా చదివింది. "పాప ఎవరి సాయం లేకుండా నడవగలుగుతున్నది. నొప్పి గానీ, బలహీనత గానీ లేవు. శారీరకమైన జబ్బు ఏదీ లేదని తల్లిదండ్రులకు వివరించడమైనది. వారు అంగీకరించినారు."

"మళ్లా చదువు" అన్నాడు మునికుమార్.

ఆమె మళ్లీ చదివింది.

"అంగీకరించినారు అంటే మేమేనా సిస్టర్?"

"మీరే అబ్బా. అందరి దగ్గరా తీసుకునేదే ఇది. గవుర్మెంటు పథకం కింద మూడు రోజులే ఇస్తారు. ఈ కాగితం పోతేనే ఆసుపత్రికి డబ్బు వచ్చేది. మంచం కోసం కింద ఇద్దరు కాసుకోనుండారు. పెట్టేసి పోండి, బస్సు దొరుకుతాది."

పెన్ను అతని చేతిలో పెట్టింది. అతను కాగితం మంచం అంచున సర్దుకుని, సంతకం చోటు చూసుకుని, పేరులో మొదటి అక్షరం దాకా పోయి ఆగాడు.

"పెట్టను సిస్టర్."

అన్నాక అతనికే ఆశ్చర్యం వేసింది. కోమలి తలెత్తి చూసింది.

శకుంతలమ్మ నచ్చజెప్పింది. కాసేపటికి పద్మనాభ్ వచ్చాడు. వెనక ఇంకో ముగ్గురు చిన్న డాక్టర్లు.

"ఏమయ్యా, ఏమిటి నీ ఇబ్బంది?"

మునికుమార్ లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకోబోయి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"మీరు తప్పు చేసినారని నేను అన్లేదు సార్. మీరు చూసినారు. కనుక్కోలేకపోయినారు. అదే రాయండి. తెలవలేదని రాయండి, సంతకం పెడతా."

"అట్లా రాయడానికి ఉండదు. పరీక్షలన్నీ నార్మల్ వచ్చినప్పుడు నేనేం రాయాలి?"

"బిడ్డ పడతా ఉండాదని రాయండి. కాలు కాలినా తెలీలేదని రాయండి. ఎందుకనో మాకు తెలవలేదని రాయండి." అతను మంచం మీది కాగితం చూపించాడు. "ఈ కాగితం తీస్కోని రేపు నేను యాడికి పోయినా దీన్ని చూస్తారు సార్. బిడ్డని చూడరు. మొన్న నేను గూడా మీ మాటనే చూసినాను. రోడ్డు మీద బిడ్డ కాలిపోతా ఉంటే చెట్టుకింద నిలబడుకోనుండినాను."

డాక్టరు మొహంలో ఏదో కదిలింది. గంగోత్రి కట్టు వైపు ఒకసారి చూశాడు. జేబులోంచి పెన్ను తీస్తాడేమో అనుకుంది కోమలి. ఆయన గడియారం చూసుకున్నాడు.

"మేనేజరుతో మాట్లాడుకోండి" అని తర్వాతి మంచానికి వెళ్లిపోయాడు.

పన్నెండింటికి వార్డుబాయి వచ్చి దుప్పటి మార్చాడు. ఆ మంచం మీదికి పాముకాటు పడ్డ ఒక ముసలాయన వచ్చాడు. అతనికీ మంచం కావలసిందే. కోమలి బట్టల సంచీ, మందుల డబ్బా తీసుకుంది. మునికుమార్ బిడ్డను ఎత్తుకున్నాడు. ముగ్గురూ బయట నడవలో బెంచీ మీద కూర్చున్నారు. కూర్చున్నాక ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు. పని పోయింది, బడి పోయింది. ఇంకో ఆసుపత్రికి పోవాలన్నా ఇక్కడి కాగితాలు కావాలి. సంతకం లేనిదే అవి ఇవ్వరు.

సెక్యూరిటీ మనిషి రెండుసార్లు వచ్చి పోయాడు. మూడోసారి పక్కనే నిలబడ్డాడు. వయసుమళ్లినవాడు.

"ఎంతసేపు కూసుంటావప్పా ఈడ?"

"రాసేదాకా."

"రాయకపోతే?"

మునికుమార్ బిడ్డ కట్టు మీద చేయి వేసుకుని కూర్చున్నాడు. ఆ మనిషి కాసేపు చూసి, పైవాళ్లను పిలుచుకు రావడానికి మెట్లెక్కాడు.

"పోదాం నాయనా" అంది గంగోత్రి. దారినపోయేవాళ్లు తమనే చూస్తున్నారని ఆ పిల్లకు సిగ్గుగా ఉంది. "నేను నడుస్తాలే. ఈరోజు బాగనే ఉండాది."

బెంచీ మీద చేతులు ఆనించి లేచింది. ఒక అడుగు వేసింది. రెండో అడుగుకు మోకాళ్లు పోయాయి. ఈసారి మునికుమార్ చేతులు అప్పటికే బిడ్డ చంకల కింద ఉన్నాయి. పైకి లేపబోయాడు. సత్తువ చాలక, బిడ్డతో పాటు తనూ నేలమీద కూలబడ్డాడు. అట్లాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భోజనం క్యారియర్లు పట్టుకుని వచ్చేవాళ్లు వాళ్లను చుట్టుకుని పోతున్నారు. కోమలి మొహం గోడవైపు తిప్పుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. మేనేజరు దిగి వస్తున్నాడు. చేతిలో మునికుమార్ పొద్దున సంతకం పెట్టని అదే కాగితం, దానికి తగిలించిన పెన్ను.