వంగిన కొక్కెం

ఆ లాండ్రీలోకి అడుగుపెట్టే ముందు పనివాళ్లంతా తలుపు పక్కనున్న కొక్కేల దగ్గర ఆగుతారు. సంచీ గొడుగూ తగిలించాక, పనికి అడ్డొచ్చేవి కూడా ఒంటి మీంచి తీసి అక్కడే తగిలిస్తారు. నిద్రమత్తు, నడుంనొప్పి, మొగుడితో పొద్దున్నే పడ్డ పేచీ. సాయంత్రం ఎవరివి వాళ్లు తీసుకుని పోతారు. ఒకసారి ఇస్త్రీ మనిషి తొందరలో డ్రైవర్ పంటినొప్పి తీసుకుపోయి, తెల్లారేదాకా అతన్ని తిట్టుకున్నాడు. అంతకు మించి ఆ కొక్కేల గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

మేనేజర్‌కి మాత్రం అవంటే మహా ఇష్టం. ఎదగాలంటే మంచి అలవాట్లుండాలని రోజూ పొద్దున్నే అందరినీ నిలబెట్టి ఊదరగొట్టేవాడు. ఉన్న బరువంతా దించుకుని లోపలికి రమ్మనేవాడు. ఆయన కొక్కేనికి టోపీ తప్ప ఏమీ ఉండేది కాదు. దించుకోవడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదని మనం అనుకోవచ్చు.

ఆ మాటల్ని ఒంటబట్టించుకున్నది దుప్పట్లు మడతపెట్టే అక్క ఒక్కతే. ఆమెకి సూపర్‌వైజర్ కావాలని ఆశ. మొదట బద్ధకం తగిలించింది. తర్వాత కోపం, ఆ తర్వాత బిడియం. సాయంత్రం వాటిని తీసుకోవడం కూడా మానేసింది. "రేపు మళ్లీ తగిలించాల్సిందేగా, ఎందుకు మోయడం?" అనేది. నిజం చెప్పాలంటే బాగుపడింది కూడా. అందరికంటే ముందొచ్చేది, ఎవరేమన్నా నవ్వేది.

దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. రెండో కొస ఆమె చెల్లెలు పట్టుకునేది. ఆ పిల్లకి చిన్నప్పట్నుంచీ దగ్గు, ఆవిరికి అది ఇంకా ఎక్కువయ్యేది. ఆ దగ్గు కొక్కేనికి తగిలిస్తే నిలిచేది కాదు, జారి వెనకే వచ్చేసేది. ఇలాంటి మనిషికి ఇంకెక్కడా పని దొరకదని అక్కే మేనేజర్ కాళ్లావేళ్లా పడి పెట్టించింది. దుప్పటి కొసలు కలపాలంటే ఇద్దరూ చెరిసగం నడవాలి. అక్క మాత్రం చెల్లెల్ని కదలనివ్వకుండా మొత్తం తానే నడిచి, కొసలు ఆ పిల్ల చేతుల్లో పెట్టేది.

మేనేజర్ అది కనిపెట్టాడు.

"అన్నీ వదిలించుకున్నావమ్మా. చెల్లెలి వంతు కూడా నడవడమొక్కటే మిగిలింది. అదీ తీసేస్తే కుర్చీ నీదే."

మర్నాడు అక్క కొక్కెం దగ్గర చాలాసేపు నిలబడింది. చివరికి తడి దుప్పటంత బరువున్నదేదో భుజాల మీంచి లాగి తగిలించింది. కొక్కెం కిందికి వంగింది.

"ఏంటక్కా అది?" అంది చెల్లెలు.

"నీ మీద నాకుండేదే."

"సాయంత్రం తీసుకుంటావుగా?"

"చూద్దాంలే. పద, టైమైంది."

ఆ పూట అక్క తన సగం దూరం నడిచి ఆగిపోయింది. పాపం, చెల్లెలు దగ్గుకుంటూ మిగతా సగం నడిచింది. మధ్యాహ్నానికి అక్క సూపర్‌వైజర్ అయింది. మొదటి పనిగా, వెనకబడ్డ మనిషినొకరిని తీసేసి కొత్తవాళ్లని పెట్టుకోమన్నాడు మేనేజర్. అక్కకి ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అంది చెల్లెల్ని పిలిచి.

"నన్నింకెవరు పెట్టుకుంటారక్కా?"

"అది నువ్వు చూసుకోవాలి."

"రాత్రికి ఇంట్లో మనమిద్దరం ఎదురెదురుగా కూర్చుని తినాలి కదా?"

"ఇంటి సంగతులు ఇక్కడొద్దు" అంది అక్క, నవ్వుతూనే. ఆ నవ్వు చూసి చెల్లెలికి భయమేసింది.

సాయంత్రం సంచీ తీసుకుంటూ చెల్లెలు, అక్క కొక్కేనికున్నదాన్ని చేత్తో తడిమింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఎలా చూసినా అది తనదేననిపించి, తీసి భుజాల చుట్టూ కప్పుకుంది. చిన్నప్పట్నుంచీ ఉన్న దగ్గు టక్కున ఆగిపోయింది. గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇప్పుడైతే ఎవరితోనైనా సమానంగా నడిచి దుప్పటి మడతపెట్టగలదు.

"ఆగు" అంది వెనకనుంచి అక్క.

చెల్లెలు ఆశగా తిరిగింది.

అక్క గోడకేసి చూపించింది. "కొక్కెం వంగిపోయింది. సరిచేసి వెళ్లు. రేపు కొత్తమ్మాయి వస్తుంది."

చెల్లెలు సంచీ కింద పెట్టి, రెండు చేతులతో కొక్కేన్ని పైకి వంచి, వెళ్లిపోయింది.