బీడు మీది మంద

కోపం వస్తే తిప్పయ్య గొర్రెలతో కూడా మాట్లాడడు. ఆ ఉదయం మందతో లక్ష్మన్న వాళ్ల బీడు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొర్రెలను అదిలించడం కూడా మానేశాడు. బీడుకు అడ్డంగా ముళ్లకంప వేసి, పక్కనే లక్ష్మన్న నిలబడి ఉన్నాడు. అవతల బోరు పక్కన నీళ్లతొట్టి కనిపిస్తూనే ఉంది.

మడకశిర పక్క ఆ ఊళ్లో కుంట ఎండిపోయింది. గొర్రెలకు ఇక ఆ తొట్టే దిక్కు. బీడుకు అడ్డంగా పడితే నాలుగడుగులు. గుట్ట చుట్టి పోవాలంటే పూటంతా నడక. ఆయనకు మోకాలు చెడింది, పైగా మందలో సగం చూడి గొర్రెలు. ఎండలో అంత దూరం నడిస్తే వాటికి కడుపు నిలవదు.

“ఏమప్పా లక్ష్మన్నా, కంప ఎందుకు వేసినావు?”

“ఆ పాప చెప్పిందన్నా. బీడు మీద నల్లపెచ్చు ఉండాదే, దాన్ని తొక్కగూడదంట. అది ఎరువు చేస్తాదంట. వానొస్తే ఆ సారమంతా దిగువ చెనిక్కాయ చేనికి వస్తాదంట.”

తిప్పయ్యకు తల కొట్టేసినట్టయింది. ఏటా వేరుశెనగ పంట తీశాక ఆ చేనిలో రాత్రుళ్లు మంద ఆపి, పెంటికలతో నేలను బలిపించింది ఆయన. ఆ పేరు కాస్తా ఎండిన నాచు కొట్టుకుపోతుంటే ఎవరికి మాత్రం మండదు?

పాప పేరు అంజలి. చిలమత్తూరు పిల్ల, మట్టిని పరీక్షించే ఉద్యోగం. బీడు అంచున గొడుగు కింద కూర్చుని ఉంది.

“ఏమ్మా, పెంటిక వెయ్యకుండానే ఎరువు చేస్తాదంట గదా నీ పెచ్చు?”

“దాంట్లో కంటికి కనపడని జీవాలు ఉండాయి తాతా. గాలిలో నత్రజని ఉంటాది. యూరియాలో ఉండే సత్తువ అదే. ఇవి దాన్ని గాలిలోంచి పట్టి నేలకిస్తాయి.”

“ఎన్నుంటాయి?”

“గుప్పెడు పెచ్చులో కోట్లు.”

తిప్పయ్య తన మందను ఒకసారి చూసుకున్నాడు. ఇంత పెద్ద మంద ఉన్న ఆసామితో పోటీ పడటం ఆయనకు ఇదే మొదలు.

“కాసేదెవరు?”

“ఎవరూ లేరు.”

“సంతలో అమ్ముడు పోతాయా?”

“పోవు.”

“మరి అదేం మంద?” అన్నాడు తిప్పయ్య, ప్రాణం కాస్త కుదుటపడి. “వాన రాకుంటే చస్తాయి గదా?”

“చావవు తాతా. పండుకుంటాయి. ఏండ్లైనా పండుకుంటాయి. తడి తగిలితే లేస్తాయి.”

అంజలి సీసాలో నీళ్లు కొద్దిగా పెచ్చు మీద పోసింది. తిప్పయ్య చూస్తుండగానే నలుపు మెల్లమెల్లగా పచ్చబడింది. ఆయన గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

వెనక ఒక కరువులో ఆయన గొర్రెలు కూడా ఇలాగే పండుకున్నాయి. తడిగుడ్డతో మూతులు తుడిచాడు, పేరుపేరునా పిలిచాడు. ఒక్కటీ లేవలేదు.

“ఎండి ఉన్నప్పుడు తొక్కితే?” అన్నాడు.

“పొడైపోతాయి. మళ్లా పెచ్చు కట్టేదానికి ఏండ్లు పడతాది.”

ఆ పక్క గొర్రెల కాపరులకు ఒక కట్టుబాటు ఉంది. ఎంత తొందర ఉన్నా, ఎంత గిట్టనివాడిదైనా, పండుకున్న మంద మధ్యలోంచి తమ మందను తోలరు. తిప్పయ్య లేచి గొర్రెలను గుట్ట వైపు మళ్లించాడు.

రోజూ పొద్దు పొడవకముందే బయల్దేరేవాడు. చూడి గొర్రెలను నీడ కనిపించిన చోటల్లా ఆపి నడిపించేవాడు. అయినా ఒకటి దారిలోనే కడుపు నిలవక, నెలలు నిండని పిల్లను వేసింది. ఆ పిల్ల బతకలేదు.

ఆ సాయంత్రం తిప్పయ్య కుంటుకుంటూ వస్తుంటే లక్ష్మన్న చూడలేకపోయాడు. గబగబా వెళ్లి కంప పక్కకు లాగేశాడు.

“నా తప్పేలే అన్నా! ఎరువు పోతే పోనీ. రేపట్నుంచి ఇట్లే అడ్డంగా తోలుకో!” అని కేకేశాడు.

తిప్పయ్య దగ్గరికి వచ్చి, కంపను మళ్లీ దాని చోటికి లాగాడు.

“మెల్లగా మాట్లాడప్పా,” అన్నాడు. “మంద పండుకోనుండాది.”